గప్పీలతో ఏ చేపలు కలపాలి? నీళ్లు, నోరు, తోక చూసి ఎంచుకునే పద్ధతి

గప్పీల ట్యాంకులో ఇంకేం వేయొచ్చని ఆలోచించేటప్పుడు ఎక్కువమంది మొదట చూసేది అవి కొట్టుకుంటాయా లేదా అని. అదీ చూడాల్సిందే, కానీ మొదట చూడాల్సింది అది కాదు. గప్పీ ట్యాంకుల్లో చేపలు పోయేది కొట్లాటల వల్ల తక్కువ, నీళ్లు పడకపోవడం వల్ల ఎక్కువ. నియాన్ టెట్రా గప్పీని ఏమీ అనదు, గప్పీ కూడా నియాన్ జోలికి పోదు. అయినా ఒకే ట్యాంకులో ఉంచితే చాలాసార్లు రెండిట్లో ఒకటి నలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఒకదానికి బాగా సరిపోయే నీళ్లు రెండోదానికి సరిపోవు. అందుకని ఎంపికను నీళ్లతో మొదలుపెట్టాలి. తర్వాత నోటి సైజు, ఆ తర్వాత తోక కొరికే గుణం, చివరికి ట్యాంకులో అది తిరిగే ఎత్తు చూడాలి. ఈ వరుసలో వడపోస్తే పొడవాటి జాబితాలోంచి మిగిలేవి పదో పన్నెండో జాతులు. అవి చాలు.

ముందు మీ నీళ్లేమిటో తెలుసుకోండి

గప్పీ (పొయిసీలియా రెటిక్యులేటా) వెనెజులా, గయానా, ట్రినిడాడ్ ప్రాంతాల వాగుల చేప. అమ్మకానికి వచ్చే రంగురంగుల రకాలన్నీ తరతరాలుగా చెరువుల్లో, తొట్లలో పెంచినవి. వాటికి హార్డ్ వాటర్, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు కావాలి: పీహెచ్ 7.0 నుంచి 8.2, జీహెచ్ (నీళ్ల కాఠిన్యత కొలత) 8 నుంచి 20 డిగ్రీలు, ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్. 22 నుంచి 28 వరకు తట్టుకుంటాయి కానీ, ఎప్పుడూ 28లో ఉంచితే త్వరగా ఎదిగి త్వరగా ముసలివైపోతాయి. మామూలుగా రెండు మూడేళ్లు బతకాల్సిన చేప అంతకాలం ఉండదు.

టెస్ట్ కిట్‌లో ఫలితం పీపీఎంలో వస్తే 18తో భాగించండి, సుమారుగా జీహెచ్ డిగ్రీలు వస్తాయి. 180 పీపీఎం అంటే 10 డిగ్రీలు. నీళ్లలో కరిగినవన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు అంకెను కాఠిన్యత అనుకోవద్దు. నీళ్లలో మామూలు ఉప్పు ఎక్కువున్నా ఆ అంకె పెరుగుతుంది, గప్పీకి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం మాత్రం లేకపోవచ్చు. ఆర్వో నీళ్లు నేరుగా వాడితే జీహెచ్ దాదాపు సున్నా. అలాంటి నీళ్లలో గప్పీలు రెక్కలు ముడుచుకుని, ముందుకు కదలకుండా ఉన్నచోటే ఒళ్లు ఊపుతుంటాయి. చాలామంది దాన్ని జబ్బనుకుని మందులు పోస్తారు. అక్కడ కావాల్సింది మందు కాదు, ఖనిజాలు. నలగ్గొట్టిన పగడపు రాయిని 50 లీటర్లకు 100 గ్రాముల చొప్పున చిన్న వల సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టండి. వారం తర్వాత మళ్లీ పరీక్షించి, చాలకపోతే ఇంకొంచెం చేర్చండి. ఒక్కరోజులో పెంచేయాలని చూడకండి. నీళ్లు తక్కువ కాఠిన్యతతో ఉన్నా నెమ్మదిగా మారితే చేప తట్టుకుంటుంది, ఒక్కసారిగా మారితే తట్టుకోదు.

హార్డ్ వాటర్‌లో ఒక ప్రమాదం కూడా ఉంది, తోడు చేపలు ఎన్ని వేయాలన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీళ్లలో, చేపల వ్యర్థాల నుంచి వచ్చే మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపంలో ఉండేది అర శాతం పైచిలుకు. అదే పీహెచ్ 8లో సుమారు 5 శాతం. అంటే కిట్ ఒకే అంకె చూపించినా విషం దాదాపు పది రెట్లు. కాబట్టి గప్పీ నీళ్లలో చేపల్ని కిక్కిరిసేలా వేసి, ఫిల్టర్ చూసుకుంటుందిలే అనుకోవడం కుదరదు. కొత్త ట్యాంకును నాలుగు నుంచి ఆరు వారాలు చేపల్లేకుండా సైకిల్ చేయాలి, అంటే అమ్మోనియాను విడగొట్టే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగనివ్వాలి. 2 పీపీఎం అమ్మోనియా వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాలి. అప్పుడే మొదటి చేప.

మగవేనా, ఆడవి కూడానా?

తోడు చేపల్ని ఎంచుకునే ముందే ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే సమాధానం మారితే సరిపడే చేపల జాబితా కూడా మారుతుంది.

ఆడా మగా కలిపి పెంచితే ఒక్కో మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. మగవి రోజంతా వెంటపడుతూనే ఉంటాయి. ఆడవి తక్కువైతే తిండి మానేసి ఏదో ఒక మూల దాక్కుని చిక్కిపోతాయి. ఒక్కో ఆడది సుమారు నెలకోసారి పిల్లలు పెడుతుంది, ఒక్కో కాన్పులో ఇరవై నుంచి యాభై దాకా. పైగా ఒకసారి మగదానితో కలిస్తే చాలు, వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని మగది లేకుండానే మళ్లీ మళ్లీ పిల్లల్ని పెడుతుంది. అందుకే ఆడవాటిని మాత్రమే కొనుక్కుంటే పిల్లలు పుట్టవనే లెక్క తప్పు. పుట్టిన పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ తల్లులవుతాయి.

పిల్లలు కావాలనుకుంటే నోరు చిన్న తోడు చేపలు, దట్టమైన మొక్కలు కావాలి. పిల్లల సంఖ్య అదుపులో ఉండాలనుకుంటే పిల్లల్ని తినే మధ్యస్థాయి చేపలు ఉండటమే మేలు. రెండూ వద్దు, రంగులు చాలనుకుంటే మగవాటిని మాత్రమే ఆరుకు తగ్గకుండా పెట్టుకోండి. రెండో మూడో ఉంటే ఒకదాన్నే మిగతావి తరుముతాయి, ఆరున్న గుంపులో ఆ వేధింపు పంచుకుపోతుంది. మొదటిసారి రకరకాల చేపల ట్యాంకు పెట్టేవాళ్లకు మా సలహా మగవి మాత్రమే. మిగులు పిల్లల్ని ఏం చేయాలన్న ప్రశ్నే రాదు. వాటిని చెరువులోనో కాలువలోనో వదిలేయడం సరైన దారి కాదు. గప్పీలు చాలా దేశాల్లో అలా చేరి స్థానిక చేపలకు ముప్పుగా మారాయి.

అడుగు భాగానికి: కోరీలే మొదటి ఎంపిక

గప్పీలు పైభాగంలో, మధ్యలో తిరుగుతాయి. ఖాళీగా ఉండేది అడుగు. అక్కడికి కోరిడోరస్‌ను (ముద్దుగా కోరీ) మించిన చేప లేదు. గప్పీని పట్టించుకోదు, తోక కొరకదు, ఎదిగిన గప్పీని మింగేంత నోరు లేదు. అయితే కోరీలన్నీ ఒకటి కాదు. పొరపాటు జరిగేది రకం ఎంచుకునే దగ్గరే.

బ్రాంజ్ కోరీ 22 నుంచి 26 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. 15 జీహెచ్ దాకా హార్డ్ వాటర్‌ను తట్టుకుంటుంది. ఎక్కడైనా దొరుకుతుంది, మొదటిసారి పెంచేవాళ్లు చేసే చిన్న తప్పులకు పడిపోదు. గప్పీ ట్యాంకుకు ఎక్కువమంది ఎంచుకోవాల్సింది ఇదే. నీళ్లు తరచూ 27, 28కి చేరే చోట స్టెర్బాయ్ కోరీ మేలు, అది వేడికి అలవాటైనది. పాండా కోరీ చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా 25 దాటితే ఇబ్బంది పడుతుంది. పెప్పర్డ్ కోరీకి ఇంకా చల్లటి నీళ్లు కావాలి. ఈ రెండూ గప్పీలతో కుదరాలంటే ట్యాంకు 23, 24 దగ్గర స్థిరంగా ఉండాలి. పిగ్మీ కోరీ రెండున్నర సెంటీమీటర్ల బుల్లి చేప. 60 లీటర్ల ట్యాంకుకు, గప్పీ పిల్లలు బతకాలనుకునేవాళ్లకు చక్కగా సరిపోతుంది. కానీ నీళ్లు 12 జీహెచ్ దాటితే దాన్ని వదిలేయండి.

ఏ రకమైనా ఒకే జాతివి ఆరు ఉండాలి. రెండు బ్రాంజ్, రెండు పాండా, రెండు పెప్పర్డ్ కలిపితే ఆరు అయినట్టు కాదు. అవి వేటికవే ఒంటరి. అడుగున మెత్తటి ఇసుక రెండు మూడు సెంటీమీటర్లు పరచండి. కోరీలు ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదులుతూ తిండి వెతుక్కుంటాయి. గరుకు రాళ్లున్నచోట, మురికి పేరుకున్నచోట వాటి మీసాలు అరిగి, కుళ్లి, చివరికి తిండి వెతుక్కోలేక చిక్కిపోతాయి. మీసాలు పొట్టిగా ఉన్న కోరీలను కొనకండి.

కోరీలు మిగిలిన తిండి తిని బతికేస్తాయనే మాట నమ్మి వాటిని పస్తులుంచేవాళ్లు చాలామంది. గప్పీలు ఎంత తిండిపోతులంటే అడుగుకు దిగే గుళికల్ని కూడా వెంటాడి ముక్కలు చేసేస్తాయి. కోరీల తిండి లైటు ఆపాక వేయాలి. చీకట్లో గప్పీలు నిద్రపోతాయి, కోరీలు మీసాలతో తడుముకుంటూ వెతుక్కుంటాయి. ఆరు బ్రాంజ్ కోరీలకు రాత్రికి మూడు నాలుగు చిన్న మునిగే గుళికలు చాలు. వాటి రెక్కల్లో గట్టి ముళ్లుంటాయి కాబట్టి వలతో పట్టేటప్పుడు చిక్కుకుంటాయి. చిన్న డబ్బాతో పట్టుకోవడం మంచిది.

కూలీ లోచ్ కూడా గప్పీకి హాని చేయదు. కానీ సాఫ్ట్ వాటర్ (ఖనిజాలు తక్కువున్న నీళ్లు) ఇష్టపడుతుంది, పగలు కనిపించదు. చూడ్డానికి చేప కావాలనుకునేవాళ్లకు దానివల్ల సంతోషం తక్కువ.

గుంపు చేపలు: నియాన్‌కు బదులు ఏమిటి?

ఎర్రగా, నీలంగా మెరిసే నియాన్ల గుంపు గప్పీల మధ్య అందంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. నియాన్‌కు కావాల్సింది పీహెచ్ 7 లోపు, తక్కువ ఖనిజాలున్న నీళ్లు. ఫారంలో పెరిగిన నియాన్లు పీహెచ్ 7.4, జీహెచ్ 10 దాకా సర్దుకుంటాయి. మీ నీళ్లు సరిగ్గా ఆ అంచు దగ్గరే ఉంటే గప్పీ, నియాన్ రెండూ బతుకుతాయి. అంతకంటే హార్డ్ అయితే నియాన్లు ఒక్కొక్కటే పోతాయి, ఎందుకు పోయాయో కూడా తెలియదు. నియాన్ కోసం నీళ్లను సాఫ్ట్‌గా మార్చారా, అప్పుడు గప్పీలు పోవడం మొదలవుతుంది. ఎంబర్ టెట్రా, చిల్లీ రాస్‌బోరా విషయంలోనూ ఇదే చిక్కు. చిల్లీ రాస్‌బోరా మరీ చిన్నది, గప్పీల తిండి పోటీలో నిలవలేదు కూడా.

హార్లెక్విన్ రాస్‌బోరా వీటికన్నా గట్టిది. పీహెచ్ 7.5, జీహెచ్ 12 వరకు ఎనిమిది, పది చేపల గుంపు బాగానే ఉంటుంది. మధ్య ఎత్తులో కలిసి ఈదుతుంది, కొరకదు. నీళ్లు మధ్యస్థంగా ఉన్నవాళ్లకు నియాన్ కంటే ఇదే నయం.

నీళ్లు నిజంగానే హార్డ్ అయితే ఎక్స్‌రే టెట్రా చూడండి. ఒళ్లంతా పారదర్శకంగా, పై రెక్క మీద పసుపు, నలుపు, తెలుపు పట్టీలతో ఉంటుంది. టెట్రాల్లో హార్డ్ వాటర్‌ను ఇంతగా తట్టుకునేవి అరుదు. పుట్టినచోట తీరప్రాంతపు కొద్దిపాటి ఉప్పునీళ్లలోకి కూడా వెళ్తుంది. నాలుగున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది, నెమ్మదస్తురాలు, ఎనిమిదికి తగ్గకుండా ఉంచాలి. గప్పీ పిల్లలు కనబడితే తింటుంది. సంఖ్య అదుపులో ఉండాలనుకునేవాళ్లకు అదే లాభం. రంగు కోసమే టెట్రాల వైపు చూసేవాళ్లు దీన్ని పట్టించుకోకుండా దాటిపోతుంటారు. పచ్చటి మొక్కల ముందు, నల్లటి ఇసుక మీద పెట్టి చూస్తే దాని అందం తెలుస్తుంది.

హార్డ్ వాటర్‌కే పుట్టిన ఇంకో చేప ఫోర్క్‌టెయిల్ బ్లూ ఐ. పసుపు రెక్కలు, నీలి కళ్లు. మగవి ఒకదాని ముందు ఒకటి రెక్కలు విప్పి ప్రదర్శన చేస్తాయే తప్ప గాయపరచుకోవు. నీళ్ల పరంగా గప్పీతో ఇంత చక్కగా సరిపోయే గుంపు చేప తక్కువ. ఇబ్బందల్లా అన్నిచోట్లా దొరకకపోవడం. పైగా మూత లేని ట్యాంకులోంచి దూకేస్తుంది.

చెర్రీ బార్బ్, జీబ్రా డానియో రెండూ సులభంగా దొరికేవి. ఈ రెండింట్లో చెర్రీ బార్బ్‌కే మా ఓటు. 23 నుంచి 26 డిగ్రీలు, జీహెచ్ 15 దాకా సమస్య లేదు. బార్బ్ అనే పేరు చూసి టైగర్ బార్బ్‌లా కొరుకుతుందేమోనని భయపడక్కర్లేదు. మొక్కల చాటున మెల్లగా తిరిగే చేప అది. మగవి రెండైతే ఆడవి నాలుగు ఉండేలా చూసుకోవాలి. జీబ్రా డానియో హార్డ్ వాటర్‌ను బాగా తట్టుకుంటుంది, జబ్బులకు త్వరగా లొంగదు. కానీ 24 దాకా చల్లటి నీళ్లే దానికి హాయి, పైగా క్షణం కుదురుగా ఉండదు. బరువైన తోకతో నిదానంగా ఈదే గప్పీకి తిండి దగ్గర వాటితో పోటీ కష్టం. డానియోలు వేయాలంటే ట్యాంకు పొడవు కనీసం 75 సెంటీమీటర్లు ఉండాలి, గుంపులో ఎనిమిది ఉండాలి. నాలుగే ఉంటే ఆ హుషారంతా గప్పీ తోకల మీదికి మళ్లుతుంది.

తోక కొరకడం గురించి ఇక్కడే చెప్పాలి. సెర్పే టెట్రా, బ్లాక్ స్కర్ట్ టెట్రా, టైగర్ బార్బ్ ఈ మూడూ శాంతంగా కనిపించినా పొడవాటి తోక ఎదురుగా ఊగుతుంటే ఊరుకోవు. గుంపు పెద్దదైతే తమలో తామే కొట్టుకుంటాయన్న లెక్క మామూలు చేపల ట్యాంకులో కొంత పనిచేస్తుందేమో, డెల్టా తోక (విసనకర్రలా విచ్చుకున్న పెద్ద తోక) గప్పీల దగ్గర మాత్రం పనిచేయదు. తోక అంచు చిరిగినచోట బ్యాక్టీరియా చేరి కుళ్లు మొదలవుతుంది. మందు వేసి నయం చేసినా కొరికే చేప అక్కడే ఉంటే వారంలో మళ్లీ మొదటికొస్తుంది.

ప్లాటీ, మోలీ, ఎండ్లర్

గప్పీలాగే పిల్లల్ని పెట్టే జాతులివి. నీళ్ల విషయంలో ఆలోచించాల్సిన పనే లేదు. వీటిలో ప్లాటీ అన్నిటికన్నా తేలిక. ఐదారు సెంటీమీటర్లు, శాంత స్వభావం, నాచు గీరుకుని తింటుంది, గప్పీతో సంకరం కాదు. కాకపోతే రెండు జాతులూ పిల్లలు పెడితే ట్యాంకు నెలల్లోనే నిండిపోతుంది. మగ గప్పీలు, మగ ప్లాటీలు కలిపితే ఆ బెడద ఉండదు.

మోలీని గప్పీకి పెద్దక్కలా చూస్తారు గానీ దానికి కావాల్సిన చోటు వేరు. సెయిల్‌ఫిన్ మోలీ పది సెంటీమీటర్లు దాటుతుంది. 120 లీటర్లలోపు ట్యాంకుకు తేవద్దు. మగ మోలీలు ఆడ గప్పీల వెంటపడటం కూడా మామూలే. స్వోర్డ్‌టెయిల్‌కూ ఇదే మాట, అది దూకుతుంది కూడా. ఎండ్లర్ గప్పీకి దగ్గరి బంధువు, సులభంగా కలిసిపోతుంది. ఇక్కడ కలిసిపోవడమే సమస్య. ఒకటి రెండు తరాల్లో అసలైన ఎండ్లర్లూ ఉండవు, మీరు ఎంచుకున్న గప్పీ రకమూ ఉండదు. రెండింటిలోనూ మగవే అయితే నిశ్చింతగా కలపొచ్చు.

బెట్టానా, గౌరామీనా?

బెట్టా వద్దు. మగ బెట్టాకు రంగురంగుల పెద్ద తోక కనిపిస్తే అది ఇంకో మగ బెట్టానే. కొన్ని ట్యాంకుల్లో నెలలపాటు ఏమీ జరగదు, ఒకరోజు పొద్దున్న చూస్తే తోకలు ఉండవు. తిరగబడేది ఎప్పుడూ బెట్టానే కాదు. చురుకైన మగ గప్పీలు బెట్టా రెక్కల్ని కొరుకుతూ దాన్ని ఊపిరాడకుండా చేస్తాయి. ఆడ బెట్టాలతో కూడా ఇదే జూదం.

పైభాగంలో ఒక ప్రత్యేకమైన చేప ఉండాలనుకుంటే హనీ గౌరామీ తీసుకోండి. ఐదు సెంటీమీటర్లు, పీహెచ్ 7.5, జీహెచ్ 15 దాకా సర్దుకుంటుంది, మెల్లగా తిరుగుతుంది. ఒక జంట గానీ, ఒకటే గానీ చాలు. పైన తేలే మొక్కలు తప్పనిసరి, లేకపోతే భయపడుతూ మూలనే ఉండిపోతుంది. డ్వార్ఫ్ గౌరామీ రంగు ఎక్కువే గానీ మగవి మగ గప్పీల మీదికి వెళ్తాయి. పైగా ఆ జాతిని పట్టి పీడించే ఇరిడోవైరస్‌కు మందు లేదు. త్రీ స్పాట్ గౌరామీ పెద్దదై పెత్తనం చేస్తుంది.

నాచు తినేవి, నత్తలు, రొయ్యలు

గాజు శుభ్రం చేసే చేప కావాలని కామన్ ప్లెకో తెచ్చి ఇబ్బందిపడటం అన్నిచోట్లా జరిగేదే. అంగుళాల పిల్లగా వచ్చి 30 సెంటీమీటర్లు దాటుతుంది, తిన్నదానికి తగ్గట్టే మలం వదులుతుంది. దాని బదులు బ్రిస్టల్‌నోస్ ప్లెకో 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. 100 లీటర్లకు ఒకటి, గీరుకోవడానికి ఒక డ్రిఫ్ట్‌వుడ్ ముక్క, వారానికి రెండుసార్లు కీర దోసకాయ ముక్క. మర్నాటికి మిగిలిన ముక్క తీసేయాలి. ఓటోసింక్లస్ చిన్నది, సాధువు, కానీ ఎక్కువగా అడవి నీళ్లలో పట్టి తెచ్చేవే అమ్ముతారు, ఆకలితోనే మీ దగ్గరికి చేరుతాయి. మూడు నెలలైనా దాటిన, నాచు పట్టిన ట్యాంకు లేకపోతే వారాల్లో పోతాయి. చైనీస్ ఆల్గే ఈటర్ పేరు చూసి మోసపోవద్దు. పెద్దయ్యాక నాచు వదిలేసి చేపల ఒంటి మీది జిగురు పొరను పీల్చడానికి ఎగబడుతుంది.

నాచు ఒక్కటే సమస్య అయితే మాత్రం మాకు నచ్చేది నెరైట్ నత్త. హార్డ్ వాటర్‌లో దాని చిప్ప గట్టిగా పెరుగుతుంది, గప్పీ నీళ్లే దానికీ నీళ్లు. 40 లీటర్లకు రెండు చాలు. మంచినీళ్లలో దాని గుడ్లు పొదగవు కాబట్టి సంఖ్య పెరగదు. గాజు మీద, కట్టెల మీద తెల్ల చుక్కల్లా గుడ్లు అంటించి వెళ్తుంది, అవి గీరినా తొందరగా రావు. అది మాత్రం ఓర్చుకోవాలి. మూత లేకపోతే పాకి బయటికి వచ్చేస్తుంది.

చెర్రీ రొయ్యల విషయంలో ఏం ఆశిస్తున్నారన్నది ముఖ్యం. పెద్ద రొయ్యల్ని గప్పీలు పెద్దగా పట్టించుకోవు. అప్పుడే పుట్టిన రొయ్య పిల్లలు మాత్రం గప్పీకి మంచి విందు. జావా మాస్ దట్టంగా, పిడికెడు కాదు, ట్యాంకు అడుగులో మూడోవంతైనా కప్పేంత ఉంటే కొన్ని తప్పించుకుని పెరుగుతాయి. రొయ్యల సంతానం కోసమే పెంచాలనుకుంటే వేరే ట్యాంకు పెట్టుకోండి. అమానో రొయ్య ఐదు సెంటీమీటర్లుంటుంది, ఎవరూ దాని జోలికి రారు, నాచు తినడంలో చెర్రీ కంటే ముందుంటుంది. దాని లార్వాలకు ఉప్పు కలిసిన నీళ్లు కావాలి కాబట్టి ట్యాంకులో పిల్లలు రావు. రొయ్యలు, నత్తలు ఉన్న ట్యాంకులో రాగి ఉన్న మందు వేయకూడదు. చేపల జబ్బు నయమవుతుంది గానీ ఇవి మాత్రం మిగలవు.

ఎంత చెప్పినా కుదరనివి

ఏంజెల్ ఫిష్ చిన్నప్పుడు గప్పీలతో తిరుగుతుంది, పెద్దయ్యాక వాటినే తింటుంది. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్లు, పెద్ద చోటు కావాలి, నోట్లో పట్టేదాన్ని వదలదు. ఆస్కార్, కాన్విక్ట్ వంటి సిక్లిడ్‌లు, పీ పఫర్, క్రేఫిష్, ఇవేవీ గప్పీ దరిదాపుల్లోకి రాకూడదు. క్లౌన్ లోచ్ 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప, అమ్మేటప్పుడు మాత్రం వేలెడంతే ఉంటుంది.

ట్యాంకు సైజును బట్టి కూర్పులు

40 లీటర్లలో మగ గప్పీలు ఆరు, నెరైట్ నత్తలు రెండు. ఇంకో గుంపు చేపకు అక్కడ చోటు లేదు, ఎంత చిన్నదైనా సరే.

60×30×30 సెంటీమీటర్ల ట్యాంకులో పైవరకు నింపితే 54 లీటర్లు, ఇసుక, రాళ్లు పోను 45 దాకా మిగులుతాయి. మగ గప్పీలు ఆరు, పిగ్మీ కోరీలు ఆరు, అమానో రొయ్యలు మూడు. నీళ్లు మరీ హార్డ్ అయితే పిగ్మీలు మానేసి అమానోలను ఐదు చేయండి.

100 నుంచి 120 లీటర్లు ఉంటే ఎంపిక నిజంగా విశాలమవుతుంది. గప్పీలు మగవి మూడు, ఆడవి ఆరు, బ్రాంజ్ కోరీలు ఆరు, ఎక్స్‌రే టెట్రాలు ఎనిమిది. పుట్టే పిల్లల్లో చాలావాటిని టెట్రాలు తినేస్తాయి, మొక్కల్లో దాగినవి కొన్ని పెరుగుతాయి, సంఖ్య దానంతటదే ఒకచోట నిలుస్తుంది. పిల్లలన్నీ బతకాలనుకుంటే టెట్రాలు తీసేసి, పైన తేలే హార్న్‌వోర్ట్ గానీ గప్పీ గ్రాస్ గానీ దట్టంగా పెంచండి.

ఏ కూర్పులోనైనా ఫిల్టర్ ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. పెద్ద తోక గప్పీ ఎదురీదలేక ఒకే మూల నిలబడుతుంటే నీళ్లు వేగంగా ఉన్నట్టు. 60 లీటర్ల వరకు స్పాంజ్ ఫిల్టర్ చాలు, పిల్లల్ని లోపలికి లాగదు కూడా. వారానికి 25 నుంచి 30 శాతం నీళ్లు మార్చండి, క్లోరిన్ పోగొట్టే ద్రావణం కలిపాకే పోయండి. నైట్రేట్ 20 నుంచి 40 పీపీఎం లోపు ఉండాలి.

తెచ్చాక చేయాల్సింది

కొత్త చేపల్ని నేరుగా పెద్ద ట్యాంకులో వేయకండి. 20 లీటర్ల విడి తొట్టిలో, పెద్ద ట్యాంకులో ఎప్పటినుంచో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టి మూడు నుంచి నాలుగు వారాలు ఉంచండి. ముఖ్యంగా గప్పీలను గమనించండి. గుద భాగం నుంచి ఎర్రటి సన్నని దారాల్లా వేలాడుతుంటే అవి కమల్లానస్ పురుగులు, లెవామిసోల్‌తో చికిత్స చేయాలి. నోటి చుట్టూ గానీ వీపు మీద గానీ తెల్లటి పూతలా వచ్చి ఒకటి రెండు రోజుల్లోనే చేపలు పోతుంటే కాలమ్నారిస్ అని అనుమానించండి. అది బూజు కాదు, బ్యాక్టీరియా. వేడి పెంచితే ఇంకా వేగంగా ముదురుతుంది కాబట్టి తెల్లచుక్కల వ్యాధికి చేసినట్టు హీటర్ పెంచొద్దు. ఇవి పెద్ద ట్యాంకులోకి చేరితే కోరీలు, టెట్రాలు అన్నీ బాధపడతాయి.

చికిత్సలో ఉప్పు వాడాలనుకుంటే విడి తొట్టిలోనే వాడాలి. గప్పీకి ఉప్పు ఇబ్బంది కాదు, కోరీలకూ మొక్కలకూ అంత ఓపిక లేదు.

పెద్ద ట్యాంకులోకి మార్చేటప్పుడు చేపల్ని నీళ్లతో సహా సంచిలో వేసి, ఆ సంచిని ట్యాంకులో పావుగంట తేలనిచ్చి, సన్నని గొట్టంతో చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు గంటసేపు కలపండి. సంచి నీళ్లకూ ట్యాంకు నీళ్లకూ కాఠిన్యతలో తేడా ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా చేయాలి. రొయ్యలకైతే రెండు గంటలు. సంచి నీళ్లు ట్యాంకులో పోయకండి. ఒకేసారి ఒకే జాతిని చేర్చి, రెండు వారాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నా దగ్గరే ఉన్నాయని చూసి తర్వాతి జాతిని చేర్చండి. అడుగు చేపలు ముందు, గుంపు చేపలు తర్వాత, మగ గప్పీలు చివర. అప్పుడు గప్పీలు ట్యాంకంతా తమదే అనుకోవు.

చేర్చిన మొదటి వారంలో రోజూ తిండి వేసేటప్పుడు ఐదు నిమిషాలు కూర్చుని గమనించండి. గప్పీ తోక అంచు తిన్నగా కాకుండా అర్ధచంద్రాకారంలో తెగి ఉంటే ఎవరో కొరుకుతున్నారు. అంచంతా తెల్లబారి పీచులుగా ఊడుతుంటే అది కుళ్లు, ముందు నీళ్లు పరీక్షించండి. ఒక చేప మాత్రమే తిండికి రాకుండా ఫిల్టర్ వెనకో హీటర్ వెనకో ఉంటే దాన్ని ఎవరో తరుముతున్నారు. తరిమే చేపను పట్టి వారం రోజులు విడి తొట్టిలో పెట్టండి. తిరిగి వేశాక కూడా అదే పని చేస్తే ఆ చేప ఆ ట్యాంకుకు పనికిరాదు, వేరే ఏర్పాటు చేయండి. అందుకే విడి తొట్టి ఖాళీ అయ్యాక కూడా దాని స్పాంజ్ ఫిల్టర్‌ను పెద్ద ట్యాంకులోనే నడుస్తూ ఉంచండి, అవసరమైన రోజున అరగంటలో సిద్ధమవుతుంది.